మెక్సికో బాలింత చెవుల్లో దూది

ఫిబ్రవరి నెలలో డెట్రాయిట్ వీధులు గాజుపలకలు పరిచినట్టుంటాయి. అడుగు జారితే నడుం విరగాల్సిందే. 2005లో అలాంటి ఒక మధ్యాహ్నం, ఆ ఊరి నైరుతి మూల మెక్సికన్‌టౌన్ అని పిలిచే పేటలో, ఒక పాత చెక్క ఇంటి మెట్లు జాగ్రత్తగా ఎక్కి తలుపు తట్టాను. లోపల వెచ్చటి గది. మంచంమీద పన్నెండు రోజుల బాలింత. తలకి ఉన్ని శాలువా చుట్టి ఉంది. నడుముకి బిగుతైన కట్టు. చెవుల్లో దూది. పక్కన స్టూలుమీద గిన్నెలో ఆవిర్లు కక్కుతున్న కోడి పులుసు. గుమ్మంలోంచి చల్లగాలి తగులుతుందని అత్తగారు నన్ను గబగబా లోపలికి లాగి తలుపు వేసేసింది.

ఒక్క క్షణం నేను తెనాలిలో మా మేనత్త కూతురి పురిటిగదిలో ఉన్నాననుకున్నాను. కాయం వాసన ఒక్కటే తక్కువ.

మనవాళ్ళు చాలామంది "అమెరికాలో బాలింత పథ్యాలేమీ ఉండవుగా, రెండో రోజునుంచే ఐస్‌క్రీము తింటారుగా" అంటూంటారు. అమెరికాలో ఉండేది ఒక్క రకం మనుషులు కారు. హిస్పానిక్ అనే మాట మీరు వినే ఉంటారు. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, గ్వాటెమాలా వంటి స్పానిష్ మాట్లాడే చోట్లనుంచి వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ అని అర్థం. 2020 జనాభా లెక్కల్లో వాళ్ళు 6 కోట్ల 20 లక్షల పైచిలుకు. అంటే ఆ దేశంలో ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరు. ఇక పుట్టే పిల్లల్లో చూస్తే నలుగురిలో ఒకరు వాళ్ళ బిడ్డే. ఆ తల్లుల బరువు సంగతీ, కాన్పు తరవాత వాళ్ళ ఆరోగ్యం సంగతీ ఈ వారం రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటుంది. దాన్ని దాచుకుంటే ఇది రాయటం దండగ.

హైదరాబాదులో గృహవిజ్ఞానం చదువుకుని, పెళ్ళయి, 1979లో డెట్రాయిట్ వెళ్ళాను. అక్కడ మళ్ళీ పరీక్షలు రాసి, ఒక ఆస్పత్రిలో ఆహార సలహాదారుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. గర్భిణుల విభాగం నాది. వచ్చినవాళ్ళ బరువు చూడటం, చార్టు రాయటం, ఏం తినాలో చీటీ చేతికివ్వటం. ఒక్కొక్కరికి పది నిమిషాలు.

2004 అక్టోబరులో ఈ అమ్మాయి నా ఎదుట కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆరో నెల. ఇంగ్లీషు రాదు, మధ్యలో దుబాసీ. నన్ను "సెన్యోరా" అనేది, మనం "అమ్మగారూ" అన్నట్టు. మనిషి అయిదడుగుల ఒక అంగుళం. మొదటి కాన్పుకి ముందు 59 కిలోలు. ఆ గర్భంలో 20 కిలోలు పెరిగింది, కాన్పు తరవాత 11 తగ్గింది, 9 ఒంటిమీదే ఉండిపోయాయి. కనక రెండో గర్భం 68తో మొదలయింది. నా దగ్గరకొచ్చేసరికి 77.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. బరువుని కిలోల్లో వేసుకుని, ఎత్తుని మీటర్లలో వేసి ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యని బి.ఎం.ఐ. అంటారు. గర్భానికి ముందు అది 18.5కి, 25కి మధ్య ఉన్న మనిషి గర్భంలో మొత్తంమీద పదకొండున్నర నుంచి 16 కిలోలు పెరగొచ్చు. 25కి, 30కి మధ్య ఉంటే 7 నుంచి పదకొండున్నర. 30 దాటితే 5 నుంచి 9. మరీ బక్కపలచగా ఉండి 18.5కి తక్కువైతే పన్నెండున్నర నుంచి 18. అమెరికాలో ఇనిస్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సవరించి ఖాయం చేసిన కొలతలివి. కవలలైతే లెక్క వేరు. ఈ అమ్మాయికి 28 పైన ఉంది. అంటే తొమ్మిది నెలలకూ కలిపి పదకొండున్నర మించకూడనిది, ఆరో నెలకే 9 పెరిగింది.

నేను చీటీ తీశాను. గోధుమ బ్రెడ్డు, బ్రోకలీ, వెన్న తీసిన పాలు, జున్ను. "తోర్తీయాలు మానెయ్యి" అని ఎర్ర సిరాతో గీత కొట్టి మరీ ఇచ్చాను. తోర్తీయా అంటే వాళ్ళ రొట్టె. మనకి అన్నం ఎలాగో వాళ్ళకది అలాగ. ఆ పిల్ల తల ఊపింది. చీటీ మడిచి సంచీలో పెట్టుకుంది.

మూడు వారాలకి గ్లూకోజు పరీక్ష చేశారు. గర్భిణులందరికీ 24, 28 వారాల మధ్య చేసేదే. చక్కెర బాగా ఎక్కువుంది. బరువు మరో కిలో పెరిగింది. ఏం తింటున్నావంటే, "మీరు చెప్పినట్టే, తోర్తీయాలు మానేశాను సెన్యోరా" అంది. నేను నమ్మలేదు. ఫైల్లో "సలహా పాటించటం లేదు" అని రాశాను. ఆస్పత్రుల్లో ఈ ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ తరవాత ఫైలు విప్పిన ప్రతివాళ్ళూ ఆ మనిషిని అదే కంటితో చూస్తారు.

ఆ పేటలో 'ప్రమోతోరా'లని ఉంటారు. మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళు. అదే పేట ఆడవాళ్ళు, అదే భాష, కాస్త శిక్షణ. వాళ్ళలో ఒకావిడ నా రాత చూసి, మొహమాటం లేకుండా, "మీరు వాళ్ళ వంటిల్లు చూశారా?" అంది. చూడలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క వంటిల్లూ చూడలేదు.

నవంబరులో వెళ్ళాను. అత్తగారు పొయ్యి దగ్గరుంది. హలిస్కో రాష్ట్రంలో పల్లెటూరు వాళ్ళది. ముందు ఆవిడ కత్తితో నాగజెముడు మట్టల ముళ్ళు గీకుతోంది! అవును, మన పొలాల గట్లమీద ఉండే నాగజెముడే. దాన్ని 'నొపాల్' అంటారు. ముళ్ళు తీసి, ముక్కలు కోసి, ఉల్లిపాయా, టమాటా వేసి వండుతారు. బెండకాయలా జిగురుగా ఉంటుంది. పీచు దండిగా ఉంటుంది, పిండిపదార్థం బహుకొంచెం. పక్క గిన్నెలో 'వెర్దొలాగా' అని ఆకుకూర. చూస్తే మన గంగవాయిలి కూర! ఇంకో కుండలో ఉడికించిన చిక్కుడు గింజలు. సీసాలో ఎర్రటి ఎండు పూరెక్కలు. అవి గోంగూర జాతి కాయల మీది రెక్కలు, వాటిని నానేసి పుల్లటి నీళ్ళు తాగుతారు. నా చీటీలో ఇవేవీ లేవు. బ్రోకలీ ఉంది. ఆ ఇంట్లో బ్రోకలీ ఎవరూ ముట్టరు.

తోర్తీయా సంగతి కూడా అక్కడే తెలుసుకున్నాను. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళల్లో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ సున్నం మూలంగా కాల్షియం చేరుతుంది, మొక్కజొన్నలో దాగి ఉన్న ఒక బి విటమిన్ ఒంటికి పట్టే రూపంలోకి వస్తుంది. వేల ఏళ్ళ కిందట కనిపెట్టిన కిటుకు. అరచేయంత మొక్కజొన్న తోర్తీయా ఒకటి యాభై, అరవై క్యాలరీలు. దుకాణాల్లో దొరికే పెద్ద మైదా తోర్తీయా ఒక్కటి రెండొందల పైమాటే. నేను రెంటికీ కలిపి ఒకే ఎర్ర గీత కొట్టాను.

మరి మానేసిన తోర్తీయాల చోట ఏం తింటోంది? 'విక్' అని, గర్భిణులకీ, బాలింతలకీ, పసిపిల్లలకీ ఉచితంగా తిండి సరుకులిచ్చే సర్కారు పథకం ఒకటుంది. 1974 నుంచీ నడుస్తోంది. మంచి పథకమే, లక్షల ఇళ్ళని నిలబెట్టింది. అయితే ఆరోజుల్లో అందులో ఇచ్చేవి పాలు, జున్ను, గుడ్లు, డబ్బా అటుకులు, చిక్కుడు గింజలు, పళ్ళరసం. తోర్తీయా లేదు, తాజా కూరలు లేవు. 2009లో మార్చి, మొక్కజొన్న తోర్తీయాలకీ, పళ్ళకీ, కూరలకీ వీలు కల్పించారు. ఈ పిల్ల రోజూ పొద్దున డబ్బా అటుకులు, మధ్యాహ్నం బ్రెడ్డు, ఆకలేసినప్పుడల్లా పళ్ళరసం. బిడ్డకి మంచిదనీ, సర్కారు వాళ్ళే ఇచ్చారనీ రోజుకి నాలుగైదు గ్లాసులు. ఒక గ్లాసు నారింజ రసంలో అయిదారు చెంచాల చక్కెర ఉంటుంది. పండు తింటే పీచుతో పాటు నెమ్మదిగా లోపలికెళుతుంది, రసమైతే గుటకేసినంతసేపు. ఇది కాక భోజనాల బల్ల మధ్యలో కోలా సీసా. ఒక చిన్న డబ్బా కోలాలో 39 గ్రాములు, అంటే ఇంచుమించు పది చెంచాల పంచదార. ఆ పిల్ల నాతో అబద్ధం చెప్పలేదు. తోర్తీయాలు మానేసింది. నేను చెప్పినట్టే చేసింది.

అత్తగారు ప్రతి పూటా కోడలి పళ్ళెంలో ఇంకొంచెం వడ్డిస్తుంది. ఇద్దరి తిండి తినాలిగా! ఈ మాట స్పానిష్‌లోనూ అచ్చంగా అలాగే ఉంది. చూలాలికి ఏదైనా తినబుద్ధయితే పెట్టకపోతే బిడ్డకి మచ్చ వస్తుందని వాళ్ళూ అంటారు. గ్రహణం నాడు బయటికి పోకూడదు, పోతే బిడ్డ పెదవి చీలి పుడుతుందని వాళ్ళూ భయపడతారు. మనం తలుపులు వేసుకుని కదలకుండా పడుకోబెడతాం, వాళ్ళు లోపలి బట్టకి పిన్నీసో తాళంచెవో గుచ్చుతారు. ఆ పెదవిని మనం గ్రహణం మొర్రి అంటామని చెబితే అత్తగారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. అప్పటిదాకా నుంచునే మాట్లాడింది.

నిజానికి గర్భంలో మొదటి మూడు నెలలూ అదనపు తిండి అక్కర్లేదు. తరవాత మూడు నెలలూ రోజుకి సుమారు 340 క్యాలరీలు, ఆఖరి మూడు నెలలూ 450. మూడొందల నలభై అంటే ఒక గ్లాసు పాలు, రెండు చిన్న మొక్కజొన్న తోర్తీయాలు, అరకప్పు చిక్కుడు గింజలు. అంతే. ఇద్దరి తిండి కాదు, ఒక చిరుతిండి.

అత్తగారు ఊరుకోలేదు. "మా ఊళ్ళో నేను తొమ్మిదిమందిని కన్నాను. ఇదే తిండి. నాకు ఒళ్ళు రాలేదేం?" అంది. మంచి ప్రశ్న. అడుగుతూ ఆవిడే జవాబు చెప్పుకుంది. పొద్దున్నే రుబ్బురాయి దగ్గర కూర్చునేది. నీళ్ళకి కొండ దిగి ఎక్కేది. కోలా సీసా పెళ్ళిళ్ళకే. ఇక్కడ ఈ పిల్ల ఎక్కడికి నడుస్తుంది? బయట మంచు, కారు రాదు. మొగుడికి రాత్రి పని. కాగితాలు సరిగా లేనివాళ్ళు ఆ వీధిలో చాలామంది, సరిహద్దు వంతెన కనబడుతూనే ఉంటుంది, ఎవరు ఆపి ఏమడుగుతారోనని ఇల్లు కదలరు. ఆవిడ మాటల్లో విజ్ఞానం ఎంతో ఉంది. మెక్సికోనుంచి కొత్తగా వచ్చిన తల్లులకి, బీదవాళ్ళైనా, తక్కువ బరువు పిల్లలు పుట్టటం తక్కువ అని అమెరికాలో పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఆ దేశంలో ఏళ్ళు గడిచినకొద్దీ, తరం మారినకొద్దీ ఆ మేలు తరిగిపోతుంది. వెంట తెచ్చుకున్న తిండి కాదు చెరుపు. ఆ తిండి చుట్టూ ఉన్న నడకా, మనుషులూ ఊళ్ళోనే ఉండిపోయారు, చోటు ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి సీసాలు వచ్చి చేరాయి.

చక్కెర జబ్బు గురించి చెప్పాను. గర్భంలో మాయనుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. కొందరి ఒళ్ళు దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచుకోలేదు, రక్తంలో చక్కెర ఎక్కుతుంది. తెల్లవాళ్ళకంటె హిస్పానిక్ తల్లుల్లో ఇది ఎక్కువ. మన భారతీయ తల్లుల్లో కూడా అంతే, ఇంకా ఎక్కువే. కాన్పు కాగానే చాలామందికి పోతుంది. పోయిందని సంబరపడి మరిచిపోతారు. కాని ఆ తల్లుల్లో దాదాపు సగంమందికి తరవాతి ఏళ్ళలో అసలు మధుమేహమే వస్తుంది. అందుకే కాన్పయిన 4 నుంచి 12 వారాల్లోపు ఒకసారి, ఆ తరవాత ఏడాదికో, మూడేళ్ళకో ఒకసారి జీవితాంతం పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా దుబాసీ చెప్పటం ముగించాక అత్తగారు నన్ను కాళ్ళనుంచి తలదాకా చూసి, "నీకూ వచ్చిందా సెన్యోరా?" అంది.

వచ్చింది. 1984లో, రెండో కాన్పప్పుడు. అమ్మ తెనాలినుంచి వచ్చి మూడు నెలలుండి నేతి ముద్దలు పెట్టింది. చక్కెర పోయిందన్నారు. నేను ఈ చదువే చదివినదాన్ని, రోజూ పదిమందికి చెప్పేదాన్ని, మళ్ళీ పరీక్షకి పోలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా, కాని అది సాకు. పద్నాలుగేళ్ళ తరవాత, 1998లో, కంటి చూపు మసకబారి కళ్ళద్దాలకని వెళితే బయటపడింది. అప్పటికే కంటి నరాల్లో దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో నా సాటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఆహార సలహాదారుకి మధుమేహమంటే నవ్వుతారని సిగ్గు. ఆ వంటింట్లో, పేరు కూడా సరిగా తెలియని ముసలావిడకి చెప్పాను.

ఆవిడ ఏమీ అనలేదు. కోలా సీసా తీసి బల్ల కింద పెట్టింది. తరవాత కోడలివైపు తిరిగి ఏదో అంది. దుబాసీ నవ్వి, "ఈవిడ చెప్పేది ఇక వినొచ్చు అంటోంది" అని చెప్పింది.

ఆరోజు మేం ఏర్పాటు చేసుకున్నది పెద్ద పథకమేమీ కాదు. తోర్తీయాలు మళ్ళీ మొదలు, మొక్కజొన్నవి, పూటకి రెండో మూడో. చిక్కుడు గింజలు పందికొవ్వులో వేయించి మెదపటం మానేసి కుండలో ఉడికినవి ఉడికినట్టే. నొపాల్ రోజూ. రసం బదులు పండు. గోంగూరపూల నీళ్ళు మాత్రం కాన్పయ్యేదాకా వద్దన్నాను, గర్భిణులకి అది సలహా ఇవ్వం. నిమ్మకాయో, దోసకాయ ముక్కలో వేసిన మంచినీళ్ళు తాగమన్నాను. సీసా కోలా ఆదివారం ఒక్క గ్లాసు, అదీ మొగుడితో సహా. ఇల్లంతా తాగుతూ చూలాలిని ఒక్కదాన్నే మానమంటే ఎవరు మానతారు? భోజనమయ్యాక పావుగంట నడక. ఎక్కడా అంటే, చర్చి అడుగు హాలులో. వేడిగా ఉంటుంది, జారదు. ప్రమోతోరా తాళంచెవి సంపాదించింది.

ఆ రోజుల్లోనే, అదే పేటలో, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళూ స్థానిక సంఘాలూ కలిసి పెద్ద ఎత్తున ఇలాంటి ప్రయత్నం చేశారు. 275 మంది గర్భిణులని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ప్రమోతోరాల చేత 11 వారాలు ఇళ్ళకి వెళ్ళీ, సమావేశపరిచీ చెప్పించారు. ఆ జట్టు కూరలు ఎక్కువ తిన్నది, పంచదారా కొవ్వూ తగ్గించింది. ఇంగ్లీషు రానివాళ్ళలో దిగులు కూడా తగ్గిందట. నాకు ఆశ్చర్యం వేయలేదు. వారానికోసారి నీ భాషలో నిన్ను పలకరించే మనిషి ఉంటే సగం జబ్బు అక్కడే పోతుంది.

బిడ్డ ఫిబ్రవరి మొదట్లో పుట్టింది. మూడు కిలోల ఆరువందలు. తల్లి మొత్తంమీద 12 కిలోలు పెరిగింది, లెక్కకి అర కిలో ఎక్కువ. అత్తగారికి కాస్త నిరాశే. మొదటి పిల్ల 4 కిలోల మూడువందలు పుట్టిందట, "అది బొద్దుగా ఉండేది" అంటుంది. ఆ బొద్దుతనం వెనక ఎవరూ కనిపెట్టని చక్కెర ఉందేమోనని నా అనుమానం. కాని ఆ మాట అప్పుడు అనలేదు.

ఇప్పుడు మళ్ళీ చెవుల్లో దూది దగ్గరికి వస్తాను. వాళ్ళు దాన్ని 'క్వారెంతేనా' అంటారు, నలభై రోజులు. 2020లో మనందరికీ అలవాటైన క్వారంటైన్ మాటకి కూడా మూలం నలభయ్యే. ఆ నలభై రోజులూ బాలింత బరువులెత్తదు, చలిగాలికి పోదు, పుల్లవీ చల్లవీ తినదు. అమ్మో, అత్తో, ఆడబిడ్డో వంతులేసుకుని చూస్తారు. చదువుకున్న రోజుల్లో నేనిలాంటివాటిని ఎగతాళి చేసేదాన్ని. అమెరికా ఆస్పత్రుల్లో చాలాకాలం బాలింతని మళ్ళీ చూసేది ఆరు వారాలకి ఒక్కసారే. 2018లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమే అది చాలదనీ, మూడు వారాల్లోపే పలకరించాలనీ, పన్నెండు వారాలదాకా చూస్తూండాలనీ చెప్పింది. అవ్వలు ఎవరినీ అడక్కుండా ఆ పని చేస్తూనే ఉన్నారు.

అందుకని ఆరోజు దూది తీయమనలేదు. నడుం కట్టు మాత్రం రెండు వేళ్ళు పట్టేలా వదులు చేయమన్నాను. పడుకునే ఉంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనక ఇంట్లో అటూ ఇటూ తిరగమన్నాను. కోడి పులుసు శుభ్రంగా తాగమన్నాను, పైన తేలే కొవ్వు తీసేసి, నాలుగు కూర ముక్కలు వేసి. పేచీ వచ్చింది 'ఆతోలే' దగ్గర. మొక్కజొన్న పిండి జావ, అందులో వాళ్ళ బెల్లం, పాలు, దాల్చినచెక్క. పాలు పడాలని రోజుకి నాలుగు గ్లాసులు. మన పాతబెల్లం, నెయ్యి లాగే. పాలు పడేది బెల్లంవల్ల కాదు, బిడ్డ గుంజటంవల్ల అని చెప్పి ఒక గ్లాసుకి ఒప్పించాను, బెల్లం సగానికి సగం. చాలాసేపు బేరం ఆడితే అంతవరకే.

పాల విషయంలో వాళ్ళకొక అలవాటుంది. మొదటి రోజునుంచే తల్లిపాలూ, డబ్బా పాలూ రెండూ పడతారు. రెంటి మేలూ బిడ్డకి అందాలని వాళ్ళ ఉద్దేశం. ఫలితం ఏమవుతుందంటే డబ్బా తాగిన బిడ్డ తక్కువ గుంజుతుంది, తల్లికి పాలు తగ్గుతాయి, "చూశారా, నా పాలు చాలటం లేదు" అని డబ్బా పెంచుతుంది. పాలిచ్చే తల్లి ఒళ్ళు రోజుకి సుమారు అయిదువందల క్యాలరీలు అదనంగా ఖర్చు పెడుతుంది. వచ్చిన బరువు దిగటానికి అంతకంటె సుఖమైన దారి లేదు. వారానికి అర కిలో తగ్గితే చాలు. అంతకంటె తొందరపడి పస్తులుండటం బాలింతకి పనికిరాదు.

చక్కెర పరీక్ష ఇంకా మిగిలే ఉంది. అప్పట్లో గర్భిణిగా దొరికిన సర్కారు వైద్య భరోసా కాన్పయిన 60 రోజులకి తెగిపోయేది. (2021లో కేంద్ర చట్టం వీలు కల్పించాక చాలా రాష్ట్రాలు ఏడాదికి పెంచాయి; అయినా కాగితాల పేచీ ఉన్నవాళ్ళకి అన్నిచోట్లా అందదు.) నలభై రోజులు గడప దాటకూడదు, అరవయ్యో రోజున ఆస్పత్రి తలుపు మూస్తారు. మధ్యలో ఇరవై రోజులు. ఈ ఇరవై రోజుల్లోనే ఎంతోమంది జారిపోతారు, నేను జారిపోయినట్టే. అత్తగారు గోడమీది చర్చి క్యాలెండరు దించి, వేళ్ళతో లెక్కపెట్టి, నలభై ఒకటో రోజు చుట్టూ నల్ల పెన్సిలుతో సున్నా చుట్టింది.

ఆ రోజున ముగ్గురూ వచ్చారు, బిడ్డతో నలుగురు. పరగడుపు చక్కెర 108. వంద లోపుండాలి, 126 దాటితే మధుమేహం. గట్టుమీద ఉందన్నమాట. బరువు 72. ఆ పిల్ల ఏడ్చింది. నాకు మాత్రం పట్టరాని సంతోషం. పద్నాలుగేళ్ళ ముందే తెలిసిందిగా! 2002లో ఫలితాలు ప్రచురించిన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో, ఇలా గట్టుమీదున్నవాళ్ళు ఒంటి బరువులో నూటికి ఏడు వంతులు తగ్గి, వారానికి నూటయాభై నిమిషాలు నడిస్తే మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. ఈ పిల్లకి ఏడు వంతులంటే అయిదు కిలోలు. కొండని తవ్వటం కాదు.

చర్చి హాలులో నడక సాగింది. ఎనిమిదిమంది తల్లులు, పిల్లలు చాపమీద. నడక విసుగేస్తే టేపు రికార్డరులో కుంబియా పాట పెట్టి నాట్యం. నేనూ చేశాను, నవ్వకండి. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల 65కి వచ్చింది. అందరూ దిగలేదు. ఇద్దరు మధ్యలో మానేశారు, ఒకావిడకి మళ్ళీ గర్భం వచ్చింది. కాన్పుకీ కాన్పుకీ మధ్య దిగని బరువే తరవాతి గర్భానికి పునాది అవుతుంది. ఆ మధ్యకాలంలో పట్టుకున్నవాళ్ళే గట్టెక్కారు.

ఫైల్లో నేను రాసిన ముక్కని ఆ వేసవిలో కొట్టేశాను. దాని పక్కన తేదీ వేసి, "సలహా తప్పు, మనిషి తప్పు కాదు" అని రాశాను. పైవాళ్ళు పిలిచి ఇదేమిటని అడిగారు.

ఇది చదివే తల్లులు, కూతురి పురిటికి అమెరికా వెళ్ళబోయేవాళ్ళు, ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పైన చెప్పిన కొలతలు తెల్లవాళ్ళ ఒళ్ళు చూసి కట్టినవి. మన ఆసియా దేశాలవాళ్ళకి బి.ఎం.ఐ. 23 నుంచే జాగ్రత్త మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. సన్నగా ఉందిగా అని సున్నుండలు కూరకండి. గర్భంలో చక్కెర వచ్చిన పిల్లకి బారసాల తేదీతో పాటు పరీక్ష తేదీ కూడా క్యాలెండర్లో చుట్టండి.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల ఒక ఫోను వచ్చింది. ఆ ఇంటి పెద్దపిల్ల, 4 కిలోల మూడువందల బొద్దుపిల్ల. ఇప్పుడు ఇరవై నాలుగు. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. మూడో నెలట. "అమ్మ మీకే చెయ్యమంది. ఏం తినాలో చీటీ రాసివ్వమంది" అంది. చీటీ సంగతి తరవాత, ముందు చక్కెర పరీక్ష చేయించుకో అన్నాను. ఇరవై ఎనిమిదో వారందాకా ఆగద్దు, మీ అమ్మ చరిత్ర డాక్టరుకి చెప్పి ఈ వారమే. సరేనంది. ఒక్క క్షణం ఆగి, కారు మొగుడు పనికి తీసుకుపోతాడు, శుక్రవారందాకా బండి లేదు అంది.

మంచు పడుతోంది. నేను రాత్రిళ్ళు నడపటం మానేశాను గాని, పగలు బాగానే నడుపుతాను. ఏ వీధిలో ఉంటున్నావు అని అడిగి, కాగితం తీసుకుని రాసుకున్నాను.